అరగంట గుమాస్తా

"నాలుగు. సరిగ్గా నాలుగు. ఆ వేళకి అందరం ఇసుక దాటి ఒడ్డున ఉండాలి," అన్నాడు గుమాస్తా, దిబ్బ మీద దుప్పటి పరుస్తూ.

దుప్పటి రెండో కొస పట్టుకున్న బావ కళ్ళు చికిలించాడు. "అంటే నాలుగున్నర."

"కాదు బావా. ఇవాళ నిజంగానే నాలుగు."

"నిజం నాలుగు, ఉత్తుత్తి నాలుగు అని రెండు రకాలు పెట్టుకున్నావేమిటోయ్ నీ దగ్గర? ముందే చెప్తే చెరొకటీ తీసుకునేవాళ్ళం కదా!"

మేనకోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వులో అక్క గొంతు కూడా కలుస్తుందేమోనని గుమాస్తా చెవి ఒగ్గి చూశాడు. కలవలేదు. అక్క అప్పుడే బట్టసంచి భుజాన తగిలించుకుని గవ్వల కోసం రాళ్ళ వైపు మళ్ళింది. ఆవిడ తమ్ముడితో మాట్లాడి పన్నెండేళ్ళయింది.

ఒడ్డుకీ దిబ్బకీ మధ్య ఫర్లాంగు దూరం. మామూలు వేళల్లో అదంతా సముద్రమే. ఆటుకి నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు మాత్రం నడుమ ఇసుక మేట బయటపడి, ఎవరో గోడకి సున్నం గీత గీసినట్టు తెల్లటి దారి ఒకటి తేలుతుంది. ఆ రోజు అది తేలింది మధ్యాహ్నం పన్నెండింటికి, మునిగేది నాలుగింటికి. నాలుగుకి చీలమండ, నాలుగుంబావుకి మోకాలు, నాలుగున్నరకి నడుము. ఆ పైన లోతు కొలవక్కర్లేదు. రెండు వైపుల నుంచీ వచ్చిన నీళ్ళు మేట మీద కలుసుకుని ఎంత లావు మనిషినైనా కాళ్ళ కింద ఇసుకతో సహా లాగేస్తాయి. పోనీ దిబ్బ మీదే ఉండిపోదామా అంటే, పోటు నిండుగా వచ్చిన రోజున దిబ్బ మీద పొడిగా మిగిలేది పాత దీపస్తంభం మొండెం ఒక్కటే. దానికి మెట్లు ఊడిపోయి ముప్పై ఏళ్ళయింది.

ఇలాంటి దిబ్బలు ప్రపంచంలో ఏ తీరం వెంట నడిచినా ఎక్కడో ఒకటి తగులుతాయి. కొన్నిటి మీద జైళ్ళు కట్టారు, కొన్నిటి మీద మనుషులకి దూరంగా బతుకుదామని వెళ్ళినవాళ్ళు కుటీరాలు కట్టుకున్నారు. సముద్రం రోజుకి రెండుసార్లు తలుపు వేసి రెండుసార్లు తీసే చోటు మీద మనిషికి ఏదో మోజు. తీసిన తలుపు ఎప్పుడు వేస్తారో తెలిసిన మనిషి ఒకడు వెంట ఉంటే చాలు, ఎవరైనా ధైర్యంగా వెళ్ళి పండ్లు వొలుచుకు తినొచ్చు. ఆ రోజు ఆ తెలిసిన మనిషి గుమాస్తాయే. చిక్కల్లా అతని మాట ఎవరూ నమ్మరు.

ముప్పై నాలుగేళ్ళు లాంచీల రేవులో టికెట్టు గుమాస్తాగా పనిచేశాడతను. రేవంటే ఏముంది: ఇనప చువ్వల కిటికీ, దాని వెనక ఒక స్టూలు, మేకుకి వేలాడే ఆటుపోట్ల పట్టీ, గోడ మీద నల్లబల్ల, ఒక కంచు గంట. లాంచీ ఎప్పుడు బయల్దేరుతుందో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయడం, వేళకి గంట కొట్టడం అతని పని. ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో ఒక పాత పుస్తకాల దుకాణదారు, రెండు చేతుల్లో రెండు కట్టలతో, గంట మోగాక పరుగెత్తుకొచ్చాడు. లాంచీ అప్పటికే రేవు నుంచి మూడడుగులు జరిగింది. ఆయన కట్టల్ని వదల్లేదు, దూకడం మానలేదు. లాంచీకీ రేవుకీ మధ్య పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడికాలు పాదం దగ్గర నుజ్జయింది. నీళ్ళలో తేలుతున్న పుస్తకాలన్నీ గుమాస్తాయే వెదురు గడతో ఒడ్డుకి లాగాడు.

మర్నాటి నుంచి ఎనిమిదిన్నర లాంచీకి బల్ల మీద ఎనిమిది అని రాయడం మొదలుపెట్టాడు. లాంచీ నడిపే సరంగు కేకలేశాడు, పైవాళ్ళు సంజాయిషీ అడిగారు, ఇతను చెరపలేదు. నాలుగు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఊళ్ళోవాళ్ళకి లెక్క అర్థమైపోయింది. బల్ల మీద ఎనిమిదుంటే ఇంటి దగ్గర ఎనిమిదింటికి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టేవాళ్ళు. కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళు మాత్రం నిజంగా ఎనిమిదింటికే వచ్చి, అరగంట సేపు బెంచీ మీద కూర్చుని గుమాస్తా వంశాన్నంతా తిట్టుకునేవారు. అలా పడ్డ పేరే "అరగంట గుమాస్తా". రాను రాను ఆ అలవాటు కిటికీ దాటి ఇంటికొచ్చింది. దంతవైద్యుడు పదింటికి రమ్మన్నాడంటే భార్యకి తొమ్మిదిన్నర అని చెప్పేవాడు. ఆవిడ పది అని అర్థం చేసుకునేది. అతను తగ్గించడం, వాళ్ళు కలుపుకోవడం. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన బావైతే దీన్ని సూత్రంగానే చెప్పేవాడు: "బావమరిది టైము ప్లస్ ముప్పై ఈజీక్వల్టు లోకం టైము."

ఆ సూత్రం ఒకే ఒక్కసారి తప్పింది.

పన్నెండేళ్ళ కిందట అమ్మకి కడుపులో గడ్డ అన్నారు. ఆవలి ఒడ్డున పెద్దాసుపత్రిలో కోయించాలని తమ్ముడు, ఈ వయసులో కత్తి పెట్టొద్దని అక్క. రెండు వారాలు ఒకటే వాదులాట. ఒకరోజు రాత్రికి రాత్రి నొప్పి ముదిరింది. తెల్లారుతూనే తీసుకెళ్ళాలి. గుమాస్తా అక్కకి ఫోన్ చేసి, "అమ్మని తీసుకెళ్తున్నా. ఆరింటి లాంచీ," అన్నాడు. అక్క ఆరున్నర అనుకుంది. ఆరుంబావుకి, చాలా తొందరగా వచ్చాననుకుంటూ రేవులోకి వచ్చేసరికి లాంచీ నది మొగ దగ్గరుంది. అమ్మ కప్పుకున్న ఆకుపచ్చ దుప్పటి మాత్రం కనిపించింది. మూడో రోజున అమ్మ ఆవలి ఒడ్డునే పోయింది.

"రోజూ అబద్ధం చెప్పేవాడివి, ఆ ఒక్కరోజే నిజం చెప్పావు," అంది అక్క అప్పుడు, అందరి ముందూ. "నేను అరగంట ఆలస్యంగా వస్తానని తెలిసే చెప్పావు. నేనొస్తే లాంచీకి అడ్డం పడతానని." అతను నోరు తెరవలేదు. తెరిచి ఏం చెప్పినా, చెప్పేది అరగంట గుమాస్తాయే కదా. ఆ రోజు నుంచి అక్క మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ ఇద్దర్నీ ఒక దిబ్బ మీదకి చేర్చింది మేనకోడలే. కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది, ఎదుటివాళ్ళకి ఏ అద్దం పెడితే ఏం కనిపిస్తుందో బాగా తెలిసిన పిల్ల. వాళ్ళమ్మకి "గవ్వలేరుకుందాం రా" అని చెప్పింది, మావయ్యకి "అమ్మ రమ్మంది" అని చెప్పింది. రెండో మాట పచ్చి అబద్ధం. గుమాస్తా బయల్దేరుతుంటే, నీళ్ళంటే పడక ఇంట్లోనే ఉండిపోయిన భార్య గుమ్మం దాకా వచ్చి, "ఇవాళ ఒక్కరోజైనా ఉన్న టైము ఉన్నట్టు చెప్పండి. ఆవిడకి మీ మీద గురి కుదరాలంటే అదొక్కటే మార్గం," అంది. అతను సరేనన్నాడు. రేవుకి ఫోన్ చేసి, తన తర్వాత వచ్చిన గుమాస్తా చేత పట్టీ రెండుసార్లు చదివించుకుని మరీ వచ్చాడు.

మధ్యాహ్నమంతా అక్క మాటలు కూతురి మీదుగా నడిచాయి.

"మీ మావయ్యకి చెప్పవే, నారింజపండు వొలవడం ఇప్పటికీ రాలేదని. సగం గుజ్జు తొక్కకే అంటుకుంటోంది."

"మావయ్యా, అమ్మ చెప్తోంది..."

"వినపడిందమ్మడూ."

"ఫ్లాస్కు మూత సరిగ్గా బిగించమను. టీ అంతా దుప్పటికే పడుతోంది."

"బిగించానని చెప్పు."

"బిగించలేదని చెప్పు."

బావ పేపరు మొహాన కప్పుకుంటూ, "మధ్యలో దీన్నెందుకు అలిసిపోయేలా చెయ్యడం? ఇద్దరూ ఉత్తరాలు రాసుకోండి," అని పడుకున్నాడు.

అయినా గుమాస్తాకి లోపల ఏదో తేలికగానే ఉంది. చిన్నప్పుడు ఇదే దిబ్బకి ఇద్దరూ వచ్చేవారు. ఏరడం తమ్ముడి పని, కడిగి రకాలు తేల్చడం అక్క పని. గుల్లలన్నీ కుడివైపుకే చుట్లు తిరుగుతాయి. లక్షకొకటి ఎడంవైపుకి తిరుగుతుంది. ఆ ఎడంచుట్టు గుల్ల కోసం అరవై ఏళ్ళుగా వెతుకుతోంది అక్క. ఆవిడ కిటికీలో వరసగా గాజుసీసాలు, ప్రతి సీసా నిండా కుడిచుట్లు. చివర్న ఒక ఖాళీ సీసా. అది ఇంకా ఖాళీగానే ఉందా అని అడగాలని అతనికి నోటి దాకా వచ్చింది. మేనకోడలి మీదుగా అడగడం ఇష్టం లేక ఊరుకున్నాడు.

మూడున్నరకి తల తిప్పి చూస్తే రాళ్ళ దగ్గర అక్క లేదు.

మేట వైపు చూశాడు. వచ్చేటప్పుడు బండి వెళ్ళేంత వెడల్పున్న దారి ఇప్పుడు రెండు బారలుంది. ముప్పై నాలుగేళ్ళు నీళ్ళని చూసిన కళ్ళు, వాటికి గడియారం అక్కర్లేదు. నిలబడ్డాడు.

"అమ్మడూ, మీ అమ్మేదీ?"

"వెనక బండ మీదకి వెళ్ళింది మావయ్యా. అక్కడ గుల్లలు బాగున్నాయిట."

వెనక బండంటే దిబ్బకి సముద్రం వైపున, ఒక గండికి అవతల విడిగా ఉన్న రాయి. మేట కంటే ముందు మునిగేది ఆ గండే.

"ఎప్పుడు వెళ్ళింది?"

"ఇందాకే. కంగారు పడకు. నాలుగంటే నాలుగున్నరేగా, ఇంకా గంటుంది. మోకాలు నొప్పి కదా, నాలుగూ పదికి లేస్తే చాలంది."

గుమాస్తా నిజం నాలుగని పొద్దుట్నుంచి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ వాళ్ళు నవ్వి, అరగంట కలుపుకుని, జేబులో వేసుకున్నారు. "ఫోన్లో చూడు పోటు ఎప్పుడో," అన్నాడు. "సిగ్నల్ లేదు మావయ్యా." ఇంకోసారి ఒట్టేసి చెబుదామా అనుకున్నాడు. ఒట్టుకి కూడా ఈ పిల్ల ఎంతో కొంత కలుపుకుంటుంది.

"అమ్మడూ, తప్పు చూశానే పట్టీ. మునిగేది నాలుగింటికి కాదు, మూడున్నరకి."

మేనకోడలు చేతిలో డబ్బా కింద పెట్టేసింది. పెదాలు కదిలాయి, కూడిక జరిగింది. "అంటే... నాలుగా! ఇంకా అరగంటే ఉందా? నాన్నా, లే! లే నాన్నా!"

ఆ మాట పని చేసినందుకు సంతోషించాలో ఏడవాలో అతనికి తెలియలేదు. "దుప్పటి, డబ్బాలు వదిలెయ్. మీ నాన్న చెయ్యి పట్టుకుని మేట దాటెయ్యి. మా కోసం చూడొద్దు," అని వెనక్కి తిరిగి రాళ్ళ మీదుగా నడక అందుకున్నాడు.

నడక అనకూడదు దాన్ని. అరవై ఏడేళ్ళ మనిషి నాచు పట్టిన రాళ్ళ మీద నాలుగు కాళ్ళతో పాకాడు. ఒకచోట జారి మోచెయ్యి చీరుకుంది. గండి దగ్గరికి చేరేసరికి నాలుగుకి పది నిమిషాలు తక్కువ. గండిలో నీళ్ళు తొడ లోతున సుడి తిరుగుతున్నాయి. అవతల బండ మీద అక్క, వీపు ఇటు పెట్టి, వంగి, వేళ్ళతో రాతి పగుళ్ళు కెలుకుతోంది.

"అక్కా!"

ఆవిడ తలెత్తింది. అలవాటుగా కూతురి కోసం చుట్టూ చూసింది, మాట ఎవరి మీదుగా పంపాలా అని. ఎవరూ లేరు.

గుమాస్తా గండిలోకి దిగాడు. అల ఒకటి నడుము దాకా కొట్టి పక్కకి తోసింది. రాతిని పట్టుకుని, నిలదొక్కుకుని, అవతలికి ఎక్కాడు. చొక్కా అంతా నీళ్ళు, మోచేతి నుంచి నెత్తురు.

"నీకు బుద్ధి లేదురా," అంది అక్క. పన్నెండేళ్ళ తర్వాత మొదటి మాట అదీ. "గుండెజబ్బు మనిషివి, ఆ నీళ్ళలో ఎందుకు దిగావు? నాలుగూ పదికి నేనే వస్తానని చెప్పాను కదా దానికి."

"నాలుగూ పదికి గండి దాటలేవు. లే."

"నీ నాలుగు నాకు తెలియదా! పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్నాను."

మూడున్నర అనాలి. నాలుక చివర ఉంది ఆ మాట. మేనకోడలి దగ్గర పనిచేసింది, ఇక్కడా చేస్తుంది. అక్క కలుపుకుంటుంది, లేస్తుంది, బతుకుతుంది. కానీ ఆ మాట అన్నాడా, ఇక ఈ జన్మకి అతని దగ్గర నిజమన్నది ఉండదు. ఆ రోజు ఆరు కూడా ఒక ఎత్తుగానే మిగిలిపోతుంది. అనకపోతే? ఈవిడ నమ్మక, ఈ రాయి మీదే కూర్చుంటే? గండి వైపు చూశాడు. ఇందాక తను పట్టుకున్న రాయి కొన ఇప్పుడు కనపడటం లేదు.

"అక్కా," అన్నాడు. "నాలుగంటే నాలుగే. తగ్గించలేదు."

అక్క సంచి ఒళ్ళోకి లాక్కుంది. చాలాసేపు, అంటే బహుశా రెండు అలలు వచ్చి వెళ్ళేంత సేపు, అతని మొహం చూసింది.

"కావాలని చెప్పావా, మర్చిపోయి చెప్పావా?"

ఆవిడ అడుగుతున్నది ఇవాళ్టి సంగతి ఒక్కటే కాదని అతనికి తెలిసింది.

"ఇవాళ కావాలనే. ఆ రోజు మర్చిపోయి." అతనికి ఊపిరి అందటం లేదు. "అమ్మ మెలికలు తిరిగిపోతోందక్కా. నా చేతులు వణుకుతున్నాయి. ఫోన్ కూడా పక్కింటావిడ పట్టుకుంది. లాంచీ ఆరింటికి, ఆరనేశాను. తగ్గించాలన్న సంగతే తోచలేదు. లాంచీ కదిలాక గుర్తొచ్చింది. సరంగు కాళ్ళు పట్టుకున్నాను వెనక్కి తిప్పమని. తిప్పలేదు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అరగంట కలుపుకుంటావని."

అక్క మొహంలో ఏం కదిలిందో చూసే తీరిక లేదు. ఆవిడ చెయ్యి చాచింది. "లేపు. మోకాలు పట్టేసింది."

గండి దాటడానికి ఆరు నిమిషాలు పట్టింది. నీళ్ళు అప్పటికి నడుము లోతు. అతను ముందు, ఆవిడ వెనక, రెండు చేతులతోనూ అతని చొక్కా కాలరు పట్టుకుని. గవ్వల సంచి వదిలెయ్యమంటే వదల్లేదు, తీసి అతని మెడలో వేసింది. అడుగడుక్కీ అది గుండెల మీద ధబ్ ధబ్ మని కొడుతోంది. "కుడికాలు ఇక్కడ. కాదు, ఇక్కడ. నా కాలు మీద పెట్టు." "నీ కాలు విరుగుతుందిరా." "విరగనీ." దిబ్బ మీదుగా అడ్డదారిన, దుప్పటీ ఫ్లాస్కూ దాటుకుని, మేట మొదట్లోకి వచ్చేసరికి నాలుగుంబావు.

దారి లేదు. ఒక చివర నుంచి ఇంకో చివరకి నీళ్ళే. అవతల ఒడ్డున బావ, మేనకోడలు చేతులూపుతున్నారు, గాలికి మాట వినపడటం లేదు. అక్క ఆగిపోయింది.

"ఎక్కడుందిరా దారి?"

"కింద ఉంది. దీపస్తంభం మన వీపుకి సూటిగా ఉన్నంతసేపూ మేట మీదే ఉంటాం. నేను వెనక్కి చూస్తూ చెప్తాను. నువ్వు ముందుకి చూడు."

అలా నడిచారు ఇద్దరూ, ఒకరు ముందుకి చూస్తూ, ఒకరు మెడ వెనక్కి తిప్పి. మోకాలు లోతు, తొడ లోతు. సగం దూరంలో కుడివైపు నుంచి ఒక అల, ఎడంవైపు నుంచి ఒక అల ఒకేసారి వచ్చి ఆవిడ కాళ్ళు లేపేశాయి. గుమాస్తా ఆవిడ జబ్బ వదల్లేదు. అతని పాదాల కింద ఇసుక కరిగిపోతోంది, పాతుకోడానికి చోటు లేదు. మెడలో సంచి బరువుకి ముందుకి తూలాడు. అప్పుడు ఎదర నుంచి ఒక చెయ్యి వచ్చి ఆ సంచి తాడే గుప్పెట బిగించి లాగింది. బావ. ప్యాంటు మడతలైనా పైకి పెట్టకుండా నడుము లోతు నీళ్ళలోకి వచ్చేశాడు. ఆయన వెనక మేనకోడలు, ఆయన బెల్టు పట్టుకుని.

"నిజం నాలుగు," అన్నాడు బావ రొప్పుతూ. "ఒప్పుకున్నానోయ్. నిజం నాలుగే."

ఒడ్డున నలుగురూ ఇసుకలో కూలబడ్డారు. దిబ్బ మీద దుప్పటి ఒకసారి ఉబ్బి, నీళ్ళ మీద తేలి, ఫ్లాస్కుని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. అక్క తమ్ముడి మెడలోంచి సంచి తీసి, గవ్వలు ఇసుక మీద పోసి ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అన్నీ కుడిచుట్లే.

"ఆ సీసా ఇంకా ఖాళీయేనా?" అన్నాడు గుమాస్తా.

"ఖాళీయే." గవ్వలు మళ్ళీ సంచిలోకి ఎత్తుతూ, తల ఎత్తకుండానే అంది: "ఒరేయ్, నాకు మాత్రం తగ్గించే చెప్పు. నేను కలుపుకుంటాను, నాకదే అలవాటు. ఉన్నట్టుండి నిజాలు మొదలుపెట్టకు. నీ నిజాలకి మా ప్రాణాల మీదకొస్తోంది."

"అలాగే."

"ఆదివారం భోజనానికి రా. పన్నెండింటికి. మీ ఆవిణ్ణి కూడా తీసుకురా, దారిలో నీళ్ళేం లేవని చెప్పు."

ఆదివారం గుమాస్తా, అతని భార్య పన్నెండుకి అయిదు నిమిషాలుండగానే అక్క వీధి మొదట్లోకి వచ్చారు. అక్కడ అతని కాళ్ళు ఆగిపోయాయి. అక్క చెప్పిన పన్నెండు ఏ పన్నెండు? ఆవిడ కూడా తగ్గించి చెప్పిందా, ఉన్నదే చెప్పిందా? ఇప్పుడే వెళ్తే వంట కాకుండా వచ్చి కూర్చున్నట్టు. పన్నెండున్నరకి వెళ్తే, ఒకవేళ అది నిజం పన్నెండైతే, మళ్ళీ మొదటికొస్తుంది. భార్య ఎండలో గొడుగు విప్పి, "అడగకపోయారా ఆ రోజే?" అని సణిగింది. అడగాల్సిన ప్రశ్నేనా అది! చెప్పుల దుకాణం అద్దాల ముందు నిలబడి, అక్కడున్న చెప్పులన్నీ రెండుసార్లు చూశాడు. ఆఖరికి పన్నెండుంబావుకి వెళ్ళి తలుపు కొట్టాడు.

లోపల్నుంచి బావ గొంతు వినిపించింది. "చూశావా! నువ్వు పన్నెండన్నావు, నేను పన్నెండున్నర అన్నాను. ఇద్దరం ఓడిపోయాం."

అక్క తలుపు తీసింది. గోడ గడియారం వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. నవ్వాపుకోవడానికి పైపెదవి కిందికి లాగిపట్టి, "వచ్చి కూర్చో, చల్లారిపోతోంది," అంది.